నీకేల, నీ కేల

సెంట్రల్‌లో దిగేసరికి ఇంకా ఐదు కాలేదు. ధనుర్మాసం మొదలై నాలుగు రోజులైంది. మద్రాసులో చలి ఉంటుందంటే మనవాళ్లు ఒప్పుకోరు గానీ, ఆ వేళ సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి ఆటోలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. మైలాపూరులో ఇల్లు చేరేసరికి మా మేనత్త తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, భుజాన గుడ్డసంచీతో వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

"సంచీ లోపల పడేసి రారా. భజన మాడవీధి మలుపు తిరిగిపోతుంది" అంది. కాఫీ మాట ఎత్తలేదు.

అత్తయ్యకి ఎనభై దాటాయి. కృష్ణా జిల్లాలో మొవ్వ పక్కనే ఉన్న మా ఊళ్లో పుట్టి, పెళ్లయ్యాక మద్రాసు వచ్చేసింది. అరవై ఏళ్లుగా ఏటా డిసెంబరులో కచేరీలు వింటూనే ఉంది. మామయ్య పోయిన ఏడాది కూడా కర్మకాండ ముగిశాక ఒంటరిగా వెళ్లి వెనక వరసలో కూర్చుందట. "ఒక్కసారి శని, ఆదివారాలు వచ్చి నాతో కూర్చోరా" అని ఏళ్ల తరబడి పిలుస్తుంటే ఇన్నాళ్లకు కుదిరింది. ఫోన్లోనే ఒక షరతు పెట్టింది. పేరున్న విద్వాంసులకు టిక్కెట్టు కొననక్కర్లేదు, వాళ్లని రేడియోలోనూ వినొచ్చు. తను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి రావాలి.

కపాలీశ్వరుడి గుడి చుట్టూ నాలుగు మాడవీధులు. ఇంకా చీకటిగానే ఉంది. అపార్టుమెంటు గేటు ముందు మూడడుగుల జాగాలో ఒకావిడ ముగ్గు వేసి, పేడముద్దలో గుమ్మడిపువ్వు గుచ్చింది. మన గొబ్బెమ్మే. నా కాళ్లు ఆగిపోయాయి. మా ఊళ్లో ఆ మాసమంతా హరిదాసు తలమీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో వచ్చేవాడు. ఆయన పాట వీధి చివర మొదలైతే మా గుమ్మం ముందుకు వచ్చేసరికి అమ్మ దోసిట్లో బియ్యం పట్టుకుని ఉండేది. ఇక్కడ హరిదాసు లేడు, కానీ ఊరే నడుస్తోంది. మెడలో హార్మోనియం వేలాడదీసుకున్న పెద్దాయన ముందు, ఆయన వెనక పాతిక ముప్పై మంది. పట్టుచీరలు, స్వెట్టర్లు, నిద్రకళ్ల పిల్లలు. పాపనాశం శివన్ చాలా ఏళ్లు ఈ వీధుల్లోనే భజన నడిపించారు. 1973లో ఆయన పోయినా ఆ నడక ఆగలేదు. భజనలో ఎక్కువ తమిళపాటలే. నాకు రాని చోట తాళం వేశాను. మూడో వీధికి వచ్చేసరికి ముందున్నవాళ్లు పాడిన ముక్కని తిరిగి అనడం నాకూ పట్టుబడింది. ఈ పాటకు శ్రోతలంటూ వేరే లేరు, నడిచేవాళ్లంతా పాడేవాళ్లే. పాలప్యాకెట్లు వేసే కుర్రాడు సైకిలు ఆపి, మేం దాటేదాకా నిలబడి, మళ్లీ తొక్కుకుంటూ పోయాడు.

గుడి దగ్గర దొన్నెలో మిరియాల పొంగలి పెట్టారు. దాని తర్వాతే కాఫీ.

ఈ డిసెంబరు సీజను పుట్టుక గురించి అత్తయ్య దారిలో చెప్పింది. 1927లో కాంగ్రెస్ మహాసభలు మద్రాసులో జరిగినప్పుడు వాటితోపాటు అఖిల భారత సంగీత సమ్మేళనం పెట్టారు. దాని ఫలంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిసింది. అంతకుముందే సభలు లేకపోలేదు, ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ 1900 నాటిది. అకాడమీ ఏటా డిసెంబరులో ఉత్సవం పెట్టడం, ఒక్కో సభా అదే బాట పట్టడంతో ఇప్పుడు ఆ నెలంతా ఊరు ఊరంతా పాటే. ఒకే రోజు ఒకే వేళకి పది చోట్ల కచేరీలు. పొద్దున అకాడమీలో విద్వాంసుల సోదాహరణ ప్రసంగాలు, మధ్యాహ్నం చిన్నవాళ్లు, సాయంత్రం పెద్దవాళ్లు. చాలాచోట్ల మధ్యాహ్నం కచేరీలకు టిక్కెట్టు ఉండదు.

అత్తయ్య పట్టు ఆ మధ్యాహ్నాల మీదే.

పన్నెండు గంటలకి మేం వెళ్లిన హాలు పెద్దదే, మూడు నాలుగు వందల మంది పడతారు. లెక్కపెట్టాను, ఇరవై ఆరుగురు ఉన్నారు. పంకాల చప్పుడు వినిపిస్తోంది. వేదిక మీద ఇరవై రెండేళ్లుండే అమ్మాయి, పక్కన వయొలిన్ మీద ఇంకా చిన్నవాడు, మృదంగం మీద మాత్రం తల నెరిసిన మనిషి. ఆ పెద్దాయన ఆ వేళకి వచ్చి పక్కవాద్యం వాయించడం నాకు చాలా గొప్పగా తోచింది. ఆ అమ్మాయి ఎక్కడ బెదిరిందో, ఎక్కడ నిలదొక్కుకుందో ఆయన వేళ్లకు ముందే తెలుస్తోంది. తాళం జారబోయిన ఒకచోట ఆయన ఎడమచేత్తో ఒక్క గుమికీ ఇచ్చాడు. అమ్మాయి తలెత్తి చూసి నవ్వి సర్దుకుంది. రికార్డింగులో ఇది వినపడదు, చూస్తేనే దొరుకుతుంది.

మా ముందు వరసలో దంపతులు. ఆయన ఒళ్లో చిన్న నోటుపుస్తకం, అందులో తేదీ, సభ, పాడిన రాగాల పట్టిక. ఆలాపన మొదలవగానే ఆవిడ ఆయన చెవిలో రాగం పేరు చెప్తుంది, ఆయన రాసుకుంటాడు. ఒకసారి ఇద్దరికీ పొసగలేదు. ఆవిడ వెనక్కి తిరిగి అత్తయ్యని కళ్లతో అడిగింది. "బేగడ" అంది అత్తయ్య పెదవులతో. ముగ్గురూ మళ్లీ పాటలో పడ్డారు.

ఆ అమ్మాయి ప్రధానంగా ఖరహరప్రియ తీసుకుంది. ఆ రాగానికి అంత వెలుగు తెచ్చింది త్యాగరాజస్వామి కృతులే. ముప్పావుగంట సాగింది. ఆలాపన, కృతి, ఆ తర్వాత నెరవు. నెరవంటే సాహిత్యంలో ఒక్క పాదాన్ని పట్టుకుని, దాన్ని తాళం చట్రంలోనే ఎన్నో విధాల మళ్లీమళ్లీ పాడటం. పాదం ఒక్కటే, నింపే సంగీతం కొత్తది. తెలుగు తెలిసినవాడికి అసలు పరీక్ష ఇక్కడే. ఎందుకంటే పాడేవాళ్లు ఊపిరి కోసం ఎక్కడో ఆగాలి. ఆగిన చోట మాట విరుగుతుంది. తెలుగులో సంధి కలిసిపోయిన మాటను తప్పు చోట విరిస్తే అర్థమే మారిపోతుంది. 'నీకేల' అన్న మాట తీసుకోండి. నీకు, ఏల అని విడదీస్తే నీకెందుకని. నీ దగ్గర ఆగి, కేల అన్నామా, నీ చేతిలో అని. ఎందుకీ బాధ అని మొరపెట్టుకున్న భక్తుడు, ఒక్క ఊపిరి తేడాతో దేవుడి చేతిలో ఏదో పెట్టినవాడైపోతాడు.

ఆ అమ్మాయి అలాంటి ఒక మాటనే తప్పుగా విరిచింది. ఒకసారి కాదు, నెరవంతా. స్వరం తప్పలేదు, రాగం ఎంతో బాగుంది, చాలాచోట్ల నాకు ఒళ్లు జలదరించింది. అయినా ఆ ఒక్కచోటికి వచ్చేసరికి నా లోపల ఏదో తగిలేది. పక్కకు చూశాను. అత్తయ్య కళ్లు మూసుకుని తొడమీద తాళం వేస్తోంది.

కచేరీ అయ్యాక వేదిక పక్కకి వెళ్లాం. అత్తయ్య ముందు మృదంగం పెద్దాయనకు నమస్కారం పెట్టింది. తర్వాత అమ్మాయి బుగ్గలు నిమిరి తమిళంలో చాలాసేపు మెచ్చుకుంది. ఆఖర్న, గొంతు తగ్గించి ఆ మాట చెప్పింది. అమ్మాయి మొహం ఎర్రబడింది. "మా గురువుగారి పాఠం అలాగే ఉంది పాటీ" అంది. సంచీలోంచి నోటుపుస్తకం తీసి చూపించింది.

ఆ పుస్తకాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తెలుగు కృతి, తమిళలిపిలో. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని అక్షరం నెత్తిన చిన్న అంకె వేస్తారు. రెండు ఉంటే ఖ, మూడు ఉంటే గ, నాలుగు ఉంటే ఘ. అచ్చుపుస్తకాల్లోనూ ఇదే పద్ధతి. పేజీ నిండా పాట మీద చీమలబారులా అంకెలు. ఒక భాష రాని మనిషి, ఆ భాష హల్లులను అంకెలు వేసి కాపాడుకోవడం! అయితే తమిళలిపిలో ఒక సుఖం ఉంది. ఎ, ఏలకూ ఒ, ఓలకూ తేడా ఉంటుంది. దేవనాగరిలో రాసుకున్నవాళ్లకి ఆ తేడా పోతుంది. అంకెలు ఎన్ని వేసినా దొరకనిది మన దంత్య చకారం. చలి, చుక్క, చూపు అన్నప్పుడు నాలుక పళ్లకు తగులుతుంది. చిలక, చెలి అన్నప్పుడు తగలదు, చందనం వంటి సంస్కృతపదాల్లోనూ తగలదు. పాత తెలుగు పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి అచ్చువేసేవారు. మనమే ఆ గుర్తు వదిలేశాం.

"రేపు పొద్దున ఇంటికి రామ్మా. మొత్తం పాట విడదీసి చెప్తాను" అంది అత్తయ్య.

సభ వెనక పందిట్లో క్యాంటీన్. అరిటాకు మీద కీరవడ, రవ్వదోసె, పక్కన ఫిల్టరు కాఫీ. పాటంత శ్రద్ధగా తినేవాళ్లని అక్కడ చూశాను. తని ఆవర్తనం మొదలవగానే హాల్లోంచి లేచి ఇక్కడికి వచ్చేసేవాళ్లున్నారు. మృదంగం, ఘటం వాయించేవాళ్లు గంటన్నర ఇంకొకరి పాటకు ఆసరాగా నిలిచాక వాళ్లకు దక్కే పది పన్నెండు నిమిషాలవి. ఆ సమయంలో వాళ్లకి వీపు చూపించడం నా మనసుకు కష్టంగా ఉంది. అత్తయ్య అరవై ఏళ్లలో ఒక్క తనికీ లేవలేదట.

దోసె తింటూ, చాలాకాలంగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను. "అత్తయ్యా, వీళ్ల ఊరు, వీళ్ల గొంతు. మన భాషలో ఎందుకు పాడాలి వీళ్లు?"

"అదే అడిగారురా వాళ్లూ, నలభైల్లో" అంది. తమిళ ఇసై ఉద్యమం మాట అది. రాజా అన్నామలై చెట్టియారు పూనుకున్నారు, రాజాజీ, కల్కి గొంతు కలిపారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. తమ ఊళ్లో తమ భాషలో పాట కావాలన్నారు. అది న్యాయమైన కోరికేనని నా నమ్మకం. అడిగింది మనమైతే ఇంకా గట్టిగా అడిగేవాళ్లం. ఆ సంఘం ఇప్పటికీ ఏటా తమిళపాటలకే ఉత్సవం చేస్తోంది. తెలుగు ఇక్కడికి వచ్చిన దారి కూడా చిన్నది కాదు. తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగే వెలిగింది, వాళ్ల తర్వాత వచ్చిన మరాఠా రాజులూ దాన్ని వదల్లేదు. మేలట్టూరులో ఈనాటికీ భాగవతమేళా నాటకాలు తెలుగులో ఆడతారు. త్యాగరాజు (1767–1847) తిరువయ్యారులో, చుట్టూ తమిళం మాట్లాడే మనుషుల మధ్య కూర్చుని ఇంటిభాషలో రాముడితో మాట్లాడుకున్నాడు. ఆయన శిష్యుల్లో చాలామంది తమిళులే. వాళ్లు రాసుకోకపోతే మన చేతికి ఎన్ని కృతులు మిగిలేవో!

ఆ సాయంత్రం ఒక పెద్ద సభలో పేరున్న గాయకుడి కచేరీ విన్నాం. బాల్కనీలో చోటు దొరికింది. బాగా పాడాడు, హాలంతా లేచి నిలబడింది. దాని గురించి రాయడానికి నా దగ్గర ఇంతకన్నా లేదు.

ఆదివారం ఏడింటికల్లా ఆ అమ్మాయి వచ్చేసింది. అత్తయ్య చాప వేసి కూర్చోబెట్టి, ముందు పాట మొత్తం తెలుగులో మామూలు మాటలా చదివించింది. తర్వాత ఒక్కో మాటా విడదీసి అర్థం చెప్పింది. ఎక్కడ ఆగొచ్చో అక్కడ ఎర్రసిరా గీత, ఎక్కడ ఆగకూడదో అక్కడ రెండు మాటలనీ కలుపుతూ కింద చిన్న వంపు. "చ" దగ్గర నన్ను పిలిచింది. "ఒరేయ్, నువ్వు అను. నా నాలుక అరవై ఏళ్ల నుంచి మద్రాసు నీళ్లు తాగింది" అంది. నేను చుక్క, చలి, చూపు అన్నాను. అమ్మాయి నా నోటివంక చూస్తూ అంది. నాలుగోసారికి సరిగ్గా పలికింది. అప్పుడు నెరవు మళ్లీ పాడింది, పక్కవాద్యాలు లేకుండా, ఆ చిన్న గదిలో. నిన్న తగిలిన చోట ఇప్పుడు ఊపిరి ఆగలేదు. మాట నిండుగా వచ్చి తాళం మీద వాలింది. వంటింటి కుక్కరు రెండు కూతలు కూసింది. ముగ్గురం పట్టించుకోలేదు. అర్థం తెలిశాక ఆ అమ్మాయి గొంతులో ఒక బరువు వచ్చింది. నిన్న అది రాగంలో మాత్రమే ఉంది.

వెళ్తూ ఫీజెంతని అడగబోయింది. "సంక్రాంతి దాకా ఇంకో రెండు కృతులు తెచ్చుకో" అని అత్తయ్య పంపించేసింది.

మధ్యాహ్నం కచేరీలు పక్కనపెట్టి నన్ను జార్జిటౌన్ తీసుకెళ్లింది. ఆదివారం కాబట్టి దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. మిగతా రోజుల్లో తోపుడుబళ్ల మధ్య నడవలేమట. గోవిందప్ప నాయకన్ వీధి, తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి. పేర్లు చదువుకుంటూ పోతుంటే ఎవరి ఊళ్లో ఉన్నానో అనిపించింది. బందరు వీధి దగ్గర అత్తయ్య ఆగింది. బందరు మా జిల్లా ముఖ్యపట్టణం. త్యాగరాజస్వామి చెన్నపట్నం వచ్చినప్పుడు ఈ వీధిలోనే కోవూరు సుందరేశ మొదలియారు ఇంట బస చేశారు. ఆయన వెంట కోవూరు వెళ్లి అక్కడి స్వామి మీద ఐదు కృతులు చెప్పారు. శిష్యుడు వీణ కుప్పయ్యరు ఉండే తిరువొత్తియూరు వెళ్లి అమ్మవారి మీద ఇంకో ఐదు చెప్పారు. ఆ పది కృతులూ నేను ముక్కలుముక్కలుగా విన్నవే. ఇప్పుడు వీధిలో నిలబడితే, ముసలి కాళ్లతో అంతదూరం వచ్చిన మనిషి ఇక్కడ ఏ అరుగు మీద కూర్చున్నాడో అని వెతుక్కున్నాయి నా కళ్లు. అరుగులు లేవు. కాగితాల గోదాములు, ఇనుపసామాను కొట్లు. ఒక గుమ్మం ముందు పెద్దాయన కుర్చీ వేసుకుని దినపత్రిక చదువుకుంటున్నాడు.

ఈ పేటలోనే వీణ ధనమ్మాళ్ ఉండేవారు. 1867లో పుట్టి 1938లో పోయారు. శుక్రవారం సాయంత్రాలు ఆమె ఇంట్లో వీణ వాయిస్తుంటే విద్వాంసులు వచ్చి గోడకానుకుని కూర్చునేవారట. చిన్న చప్పుడుకూడా ఆమె ఓర్చుకునేవారు కాదని చెబుతారు. క్షేత్రయ్య పదాలు ఆ ఇంట్లో అలా నిలిచాయి. ఆమె మనవరాళ్లు బృంద, ముక్త వాటిని పాడారు, ఇంకో మనవరాలు బాలసరస్వతి వాటికి అభినయం పట్టింది. బృంద దగ్గర ఎందరో పెద్ద గాయకులు పదాలు నేర్చుకున్నారు.

ఆ సాయంత్రం అత్తయ్య నాకోసం దాచిపెట్టింది ఇదే. సభ కాదు, మైలాపూరు సందులో ఒక ఇంటి హాలు. మైకు లేదు. నేలమీద జంపఖానాలు, నలభై మందిమి. డెబ్బై దాటిన ఒకావిడ పదాలు పాడారు, వయొలిన్ ఒక్కటే తోడు. మొదటి పదం ఆనందభైరవిలో. చౌకంగా, ఎంత చౌకంగా అంటే ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మన మనసు ఊరికి వెళ్లి రావచ్చు. సంగతుల ఆర్భాటం లేదు. స్వరం మీది నుంచి స్వరానికి గొంతు జారుతుంటే, అలిగిన ఆడమనిషి తల పక్కకు తిప్పుకోవడం కళ్లకు కట్టింది. రెండోది ఆహిరి. ఆహిరి పొద్దున పాడితే ఆ పూట అన్నం దొరకదని పాతవాళ్ల నమ్మకం. సాయంత్రం కాబట్టి భయం లేదని ఎవరో అన్నారు, అందరూ నవ్వి సర్దుకున్నారు.

ఆవిడ తెలుగు తమిళయాసలో లేదు. మా వైపు యాసా కాదు. పుస్తకాల తెలుగూ కాదు. గురువు నోటినుంచి శిష్యురాలి నోటికి, అలా నాలుగు తరాలు దిగివచ్చిన తెలుగు అది. మా నాయనమ్మ నోట మాత్రమే విన్న మాట ఒకటి పదంలో వచ్చింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అనరు. ప్రతి పదం చివరా మువ్వగోపాలుడు వచ్చాడు. మా మొవ్వ వేణుగోపాలస్వామే ఆయన. కూచిపూడి కూడా మాకు కూతవేటు దూరం. చిన్నప్పుడు నాట్యంలో ఈ పదాలకు అడుగులు వేయడం చూశాను. గజ్జెలు లేకుండా, దీపాల వెలుగు లేకుండా, ఒట్టి గొంతుతో ఒక పదం మొదలునుంచి తుదిదాకా వినడానికి నాకు యాభై నాలుగేళ్లు పట్టింది. అదీ నాలుగు వందల కిలోమీటర్ల అవతల, తెలుగు మాట్లాడని మనుషుల మధ్య. నాకు దుఃఖం వచ్చింది. అక్కడ దాన్ని ఆపుకోవాలని అనిపించలేదు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, అదే చేత్తో తాళం వేస్తూ ఉంది.

మంగళం అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్లి, మాది మొవ్వ దగ్గర అని చెప్పాను. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి నమస్కరించారు, నాకు కాదు, ఆ ఊరికి. ఒక్కసారి కూడా చూడలేదన్నారు, వచ్చీరాని తెలుగులో. గుడి ఎలా ఉంటుంది, ఏ వైపు వాకిలి, స్వామి ఎంత ఎత్తు ఉంటాడు అని అడిగారు. తెలిసినంత చెప్పాను. ఎత్తు చెప్పలేకపోయాను. నేను గుడిలోకి వెళ్లి పన్నెండేళ్లయింది.

రాత్రి రైలుకి అత్తయ్య సెంట్రల్ దాకా వచ్చింది. వద్దన్నా వినలేదు. ఆటోలో దారంతా ఆహిరి కూనిరాగం తీస్తూ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద అరిటాకులో కట్టిన పులిహోర నా చేతిలో పెట్టి, ఉన్నట్టుండి అడిగింది.

"ఒరేయ్, మొవ్వ గుడిలో ధనుర్మాసం తెల్లవారుజామున ఇంకా సన్నాయి వాయిస్తున్నారా? నా పెళ్లప్పటికి వాయించేవాళ్లు. మన వాకిట్లోకి వినపడేది, గాలి ఇటు తిరిగితే."

సంక్రాంతికి వెళ్లి విని చెబుతానన్నాను.

"ఫోన్లో చెప్పకు. పట్టి వినిపించు" అంది.